గిన్నె కింద పడని పాట

ఇట్లాంటివి మామూలుగా రిటైరైన వాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ ఉద్యోగం మానేసి ఏడాది దాటింది, ఇంట్లో చంటిపాప ఉంది, మళ్ళీ ఆ స్టూడియో మెట్లు ఎప్పుడెక్కుతానో తెలియదు. కాబట్టి ప్రస్తుతానికి నన్ను కూడా రిటైరైన వాళ్ళలో కలిపేసుకోండి.

మొన్న కరీంనగర్‌లో నేను చదివిన కాలేజీ నుంచి ఇద్దరమ్మాయిలు వచ్చారు. "అక్కా, వీడియో లైన్ల ఆడపిల్లలకు పని దొరుకుతదా?" అని అడిగారు. దొరుకుతుంది అన్నాను. అంతలో పాప ఏడ్చింది, మాట అక్కడే ఆగిపోయింది. వాళ్ళకు చెప్పాలనుకున్న మిగతా సంగతి ఇది. పాపకు జలుబు. అది పడుకున్నాక, పక్క గదిలో దాని ఊపిరి వింటూ రాస్తున్నాను. ఎక్కడైనా మాట అతకనట్టు అనిపిస్తే నేను మధ్యలో లేచి వెళ్ళి వచ్చానని అనుకోండి.

నేను పని చేసింది మంచిర్యాలలో ఒక పెళ్ళి వీడియోల స్టూడియోలో. నా పని మిక్సింగ్. అంటే కెమెరామన్ తీసుకొచ్చిన క్యాసెట్లను చూసి, అక్కర్లేనిది కోసి, మిగిలినదాన్ని వరసగా పేర్చి, మీద పాటలు వేయడం. పెళ్ళికూతురి ముఖం గులాబీపువ్వులో వికసించాలి, పెళ్ళికొడుకు గుండె ఆకారంలోంచి తొంగి చూడాలి. అప్పగింతలకు ఒక ఏడుపు పాట, ఊరేగింపుకు ఒక ఊపు పాట. ఎవరి పెళ్ళయినా పాటలు అవే, అన్నీ సినిమావే. నాకు మొదట్లో చిరాకుగా ఉండేది. తర్వాత ఒక పెళ్ళికూతురి తండ్రి వచ్చి, "బిడ్డా, నేను ఏడ్చేకాడ జర స్లో జెయ్యి, సినిమాల తండ్రి ఏడ్చినట్టు ఉండాలె" అని అడిగాడు. ఆ రోజు నా చిరాకు పోయింది. ఆయన ఏడుపు నిజం. దాన్ని సినిమాలో చూసుకోవాలన్న కోరికా నిజమే. ఈ రెండిటి మధ్య ఏదో ఉంది, దాన్ని పట్టుకుంటే మంచి పని చేయొచ్చు అనిపించింది.

అవకాశం తొందరగానే వచ్చింది. అప్పుడు జానపద పాటల ఆడియో క్యాసెట్లు బాగా అమ్ముడుపోతున్నాయి. కేబుల్ టీవీ వాళ్ళు పాటకు బొమ్మ కూడా కావాలంటున్నారు. మా ఓనర్ లక్సెట్టిపేట మనిషి, కొత్త సరుకు వాసన ముందే పసిగడతాడు. ఒక పాట ఒప్పుకొని వచ్చాడు. బాయికి పోయే మొగుడికి సద్ది కట్టుకుపోతూ పెళ్ళాం ఆటపట్టించే పాట. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటారు. పాడింది మందమర్రిలో బాయి పనోళ్ళ కాలనీ అమ్మాయి, డిగ్రీ చదువుతోంది. చర్చి కొయిర్‌లో పాడి పాడి సానబట్టిన గొంతు. వాళ్ళ బాపు బాయిలో పని చేస్తాడు. వీడియోలో కూడా ఆమే కనిపించాలని ఓనర్ పట్టు. అందుకు ఆ తండ్రి ఒక షరతు పెట్టాడు.

"పాడుమనుండ్రి, ఆడుమనుండ్రి. గాని మా బాయి పనోళ్ళను జూసి ఎవ్వడన్న ఎకసెక్కంగ నవ్విండనుకో, మా పిల్లకు గదే ఆఖరి పాట."

"నవ్వేది సినిమాను చూసి కాకా, మనను చూసి కాదు" అన్నాను నేను. సినిమా దృశ్యాలతో ఆడుకుందామన్న ఆలోచన అప్పటికే నా మనసులో ఉంది.

"నవ్వుకు గంత తెలివుంటదా బిడ్డా?" అన్నాడాయన.

ఆ అమ్మాయేమో తండ్రి వెనకాల నిలబడి, ఎట్లాగైనా ఒప్పించు అక్కా అన్నట్టు నా వైపే చూస్తోంది. పాట లేకపోతే ఆమెకు మిగిలేది ఆదివారం కొయిర్, ఆ తర్వాత ఎవరో ఒకరి వంటిల్లు. ఈ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఓనర్‌కు వేరే లెక్క ఉంది. "పార్కుల తీద్దాం చెల్లె. పిల్లకు గౌను తొడుగుదాం. చెట్టు సుట్టు రెండు రౌండ్లు. జనం గదే సూస్తరు."

"గౌను వేసుకొని సద్ది ఎవరు తీసుకుపోతరన్నా?"

"మరి నువ్వేమంటవ్?"

నేనన్నది ఇదీ. సినిమాలో చూసీ చూసీ అందరికీ నోటికొచ్చిన దృశ్యాలనే తీద్దాం, కాని కాలనీలో తీద్దాం. హీరో రావడం అంటే ముందు బూట్లు కనిపించాలి కదా, మన హీరోకు కూడా కనిపిస్తాయి, కాకపోతే అవి బురద గమ్‌బూట్లు. కలలో పొగమంచు రావాలి కదా, మనకు బొగ్గు పొయ్యి పొగ ఉంది. వాన పాటకు పగిలిన నల్లా ఉంది. మొదటి చరణం నలుపు తెలుపులో ఉండాలి, మధ్యలో రంగు రావాలి, చివర్లో 'శుభం' పడాలి. చూసేవాడు ప్రతిసారీ 'అరె, ఇది మనకు తెలిసిందే' అనుకోవాలి, అనుకున్న మరుక్షణం అది తన వాకిలి అని గుర్తుపట్టాలి. ఇది కాపీ కొట్టడం కాదు. సినిమాను వాకిట్లోకి పిలిచి కూర్చోబెట్టడం. తర్వాత మా పాత లెక్చరర్ ఒకాయన ఆ పాట చూసి దీన్ని పోస్ట్ మోడర్న్ అంటారమ్మా అని చాలాసేపు వివరించారు. విని సంతోషించాను. తీసేటప్పుడు మాత్రం ఆ మాట తెలియదు, తెలిసి ఉంటే బహుశా భయపడేదాన్ని.

షూటింగ్ హాయిగా సాగింది. చెన్నూరు నుంచి వచ్చే మా కెమెరామన్ పెళ్ళిళ్ళలో అరిగిపోయిన మనిషి, ఇందులో కొత్త పెళ్ళికొడుకులా ఉత్సాహపడ్డాడు. మా దగ్గరున్న మిషన్ మీద స్లో మోషన్ చేస్తే బొమ్మ తట్టుకుంటూ తట్టుకుంటూ నడిచేది. అందుకని ఆ అమ్మాయినే మెల్లగా పరుగెత్తమన్నాం. ఆమె గాల్లో తేలినట్టు పరుగెత్తుతోంది, వెనకాల కోళ్ళు మాత్రం మామూలు వేగంతో ఉరుకుతున్నాయి. దాన్ని కోయకుండా అట్లాగే ఉంచాను. ఆ ముక్కకే జనం ఎక్కువ నవ్వారు.

ఇక ఆ పాటకు గుండెకాయ అనుకున్న షాట్. సినిమాలో ఏదో కీడు జరిగిందని తెలియాలంటే హీరోయిన్ చేతిలోంచి హారతి పళ్ళెం జారిపోతుంది కదా. మా హీరోయిన్ సద్ది గిన్నె తీసుకుపోతుంటుంది. బాయి సైరన్ మోగుతుంది. గిన్నె జారుతుంది. అన్నం చెల్లాచెదురు. ఆమె కళ్ళు పెద్దవి చేస్తుంది. అంతలో మొగుడు బొగ్గు ముఖంతో, తెల్లటి పళ్ళతో గంతులేసుకుంటూ వస్తాడు. కీడు లేదు, ఏం లేదు, షిఫ్ట్ అయిపోయిందంతే. తీసేరోజు సైరన్ మోగించలేదు. గిన్నె పడేశాం, కళ్ళు పెద్దవి చేయించాం, శబ్దం తర్వాత మిక్సింగ్‌లో వేసుకుందామన్నాం. కెమెరామన్ షిఫ్ట్ మారే వేళకు బాయి దగ్గరికి పోయి అసలు సైరన్నే, దాని స్తంభం బొమ్మతో సహా రికార్డు చేసుకొచ్చాడు. "ఒరిజినల్ చెల్లె, డూప్లికేట్ ముచ్చటే లేదు" అన్నాడు. నేను దాన్ని ఒక్క పిసరు తగ్గించకుండా వేశాను.

మా ముగ్గురిలో ఎవరమూ కాలనీ వాళ్ళం కాదు. ఒకరిది వ్యాపారం, ఒకరిది వ్యవసాయం, మా ఇంట్లో రెండూ. సైరన్ మాకు వాచీ సరిచూసుకునే కూత, అంతే.

పెళ్ళి వీడియోల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఫైనల్ క్యాసెట్ చేసేముందు ఆ ఇంటికే పోయి అందరినీ కూర్చోబెట్టి ఒకసారి చూపిస్తాం. ఏ మేనత్త కనబడలేదో, ఏ బావ అలిగాడో అప్పుడే తేలిపోతుంది. ఓనర్ పాటకూ అదే పద్ధతి పెట్టాడు. ఒక ఆదివారం చర్చి అయిపోయాక టీవీ, వీసీఆర్ ఆటోలో వేసుకొని మందమర్రి పోయాం. రెండు గదుల క్వార్టర్. చాపల మీద చుట్టాలు, కిటికీలో పక్కింటి పిల్లలు. సౌండ్ బాగా పెట్టమని వాళ్ళే అడిగారు.

బూట్లు కనిపించగానే ఆ అమ్మాయి తండ్రి ముందుకు వంగాడు. బూటు మీది బురద చూసి, "మా మూడో నంబరు బాయి బురదే గిది" అని గట్టిగా నవ్వాడు. కోళ్ళ దగ్గర అందరూ నవ్వారు. నేను ఓనర్ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాను. ఆ అమ్మాయి రెండు చేతులతో మూతి మూసుకొని కూర్చుంది.

అప్పుడు సైరన్ మోగింది.

టీవీలో గిన్నె పడింది, అన్నం చెదిరింది, పిల్లలు కిలకిలమన్నారు. పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు. ఏమైందోనని నేను వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి తల్లి గదిలో లేదు. మాకు చాయ్ తెస్తూ ఉండింది. ఉత్త కాళ్ళతో వాకిలి దాటి, గేటు నెట్టుకొని, రోడ్డు మీద నిలబడి ఉంది. పక్క క్వార్టర్‌లోంచి ఇంకొకామె కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

"ఏ బాయి?" అని అడిగిందామె.

ఆ మాట మేమంతా విన్నాం. షిఫ్ట్ వేళ కాని వేళలో సైరన్ మోగిందంటే బాయిలో ప్రమాదం జరిగినట్టు. అప్పుడు అక్కడ అడిగే ప్రశ్న అదొక్కటే.

"ఏ బాయి గాదు. టీవీ" అన్నాడు తండ్రి. లేచి, టీవీ ఆపేశాడు. బొగ్గు ముఖం మొగుడు గంతులేస్తూ రావడం ఎవరూ చూడనే లేదు.

నేను గేటు దగ్గరికి పోయాను. "చిన్నమ్మా" అన్నాను.

"నాకెర్కనే బిడ్డా, టీవీ అని" అంది ఆమె, తనే సిగ్గుపడుతూ. "కాళ్ళు ఆగలే."

అప్పుడు చూశాను. ఆమె చేతుల్లో చాయ్ పళ్ళెం ఉంది. వంటింట్లోంచి రోడ్డు దాకా అంత దూరం ఉరికింది. పళ్ళెం పడలేదు. గ్లాసులన్నీ నిలబడే ఉన్నాయి, చాయ్ అంచుల దగ్గర కొంచెం ఊగుతోంది.

ఇప్పుడు పక్క గదిలో పాప దగ్గితే నేనూ చేతిలో ఉన్నదానితోనే లేస్తున్నాను, గరిటె అయితే గరిటె, పెన్ను అయితే పెన్ను. కింద పడేయాలని తోచదు. అప్పుడు నాకు పాప లేదు, అయినా ఆ పళ్ళెం చూడగానే నా షాట్‌లో తప్పెక్కడుందో తెలిసిపోయింది. సైరన్ ఒక తప్పు. దానికంటే పెద్ద తప్పు గిన్నె. గిన్నెను జారవిడిచేది సినిమా. మేము సినిమాను వాకిట్లోకి పిలిచామే గాని, వాకిట్లో ఉన్న మనిషి ఏం చేస్తుందో చూడలేదు.

లోపల తండ్రి క్యాసెట్ బయటికి తీసి ఓనర్ చేతిలో పెడుతున్నాడు. "తీసుకపోండ్రి. అయిపోయింది గీ ముచ్చట." కూతురు ఏడవలేదు. చాప మడత పెట్టడం మొదలుపెట్టింది.

"కాకా, ఒక్క వారం ఆగుండ్రి" అన్నాను. "మళ్ళీ తీస్తం. మళ్ళీ ఇక్కడికే తెస్తం. చిన్నమ్మకు నచ్చకపోతే క్యాసెట్ మీ చేతికే ఇస్తా, మీరే పొయ్యిల పెట్టుండ్రి."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చాయ్ పళ్ళెం మా ముందు పెట్టి, "తాగుండ్రి, సల్లారుతది" అంది. ఎవరూ వద్దనలేదు కాబట్టి నేను ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాను.

ఆటోలో ఓనర్ అందుకున్నాడు. "ఎవల్ని అడిగి మాటిచ్చినవ్ చెల్లె?"

"మిమ్మల్ని అడిగితే వద్దంటరని అడగలే."

"వారెవ్వా! గా సైరన్ జర తగ్గిద్దాం, అయిపాయె. మల్ల షూటింగ్ ఎందుకు? పెండ్లిళ్ళ సీజన్, కెమెరా ఖాళీగ ఉందా?"

"తగ్గిస్తే ఇంకా పరేషాన్ అన్నా. గట్టిగా మోగితే వాళ్ళ బాయి అనుకుంటరు, మెల్లగా మోగితే దూరం బాయి అనుకుంటరు. కేబుల్‌ల వస్తే ఇట్లా ఒక్క ఇల్లు కాదు. కాలనీ అంతా ఒకేసారి మోగుతది, అన్ని గేట్లు తెరుచుకుంటయి. అప్పుడు మనం మందమర్రి మీదికెళ్ళి పెండ్లికి కూడా పోలేం."

చివరి మాట ఓనర్‌కు బాగా తగిలింది. కెమెరామన్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "నా ఒరిజినల్ సౌండ్ పాయె మరి?"

"పాయె అన్నా."

"పోతె పోనీ" అన్నాడు. మళ్ళీ ముందుకు తిరుగుతూ, "గామె ఉరికిన ఉరుకుడు జూస్తె నాకే గుండె జారింది చెల్లె" అన్నాడు.

ఆ వారంలో మందమర్రి దాటాక ఒక పెళ్ళి ఉంది. పొద్దున్నే బయలుదేరి, దారిలో కాలనీలో దిగి, పని ముగించుకొని పెళ్ళికి పోవాలన్నది ఒప్పందం. నేను చెప్పింది ఒక్కటే. గిన్నె జారుతుంది, అందరూ అనుకున్నట్టే జారుతుంది, కాని నేల తాకేలోపు ఆమె దాన్ని పట్టుకుంటుంది. పట్టుకొని, కెమెరా వైపు ఒక్కసారి చూసి, తన దారిన తాను పోతుంది.

"కెమెరా దిక్కు చూడొద్దు గదా?" అన్నాడు కెమెరామన్. పెళ్ళిళ్ళలో ఆయన జీవితమంతా అరిచింది ఈ మాటే.

"ఇందులో చూడాలి."

చెప్పడం తేలిక. గిన్నె ఆమె చేతికి అందితే కదా! మోకాలి దగ్గర ఒకసారి, పాదాల దగ్గర ఒకసారి తప్పించుకుపోయింది. రోడ్డంతా ఠణఠణ మోత. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు నీళ్ళు వదిలేసి మమ్మల్ని చూస్తున్నారు.

"గింతకు ఒక గోల్‌కీపర్‌ను తెచ్చుకోకపోయిండ్రా?" అంది ఒకామె.

"ఒట్టి గిన్నెకు ఎవ్వలు ఉరుకుతరే? అండ్ల అన్నం పెట్టుండ్రి, అప్పుడు సూడు ఎట్ల పట్టుకుంటదో" అంది ఇంకొకామె.

నిజమే అనిపించింది. ఆ అమ్మాయి ఇంటికి పరుగెత్తి, అన్నం, పైన పప్పు నింపుకొచ్చింది. మొదటిసారి పప్పంతా లంగా మీద పడింది. ఓనర్ వాచీ చూసుకుంటూ, "ముహూర్తం! ముహూర్తం!" అంటున్నాడు. ఆ తర్వాతిసారి గిన్నె జారింది, ఆమె నడుము వంచి రెండు చేతుల మధ్య దాన్ని దొరకబుచ్చుకుంది. చిన్నపిల్లను అందుకున్నట్టు పట్టుకుంది. పప్పు అంచుదాకా వచ్చి ఆగింది. ఆమె తలెత్తి కెమెరా వైపు చూసింది. నటించమని చెప్పిన చూపు కాదది. ఇంతేనా, ఇంకేమైనా ఉందా అని అడిగే చూపు. నల్లా దగ్గరివాళ్ళు చప్పట్లు కొట్టారు. మేం పెళ్ళికి పోయేసరికి తలంబ్రాలు మొదలయ్యాయి. ఆ తిట్లు ఓనర్ పడ్డాడు.

మిక్సింగ్‌లో సైరన్‌ను పూర్తిగా తీసేశాను. దాని స్తంభాన్ని మాత్రం ఉంచాను, సినిమాలో పిడుగు పడేముందు చేసినట్టు మూడుసార్లు దగ్గరికి, దగ్గరికి, ఇంకా దగ్గరికి. ఆ చోట డప్పు కూడా ఆపేశాను. ఏ చప్పుడూ లేదు. గిన్నె జారుతుంది. ఆమె పట్టుకుంటుంది. డప్పు మళ్ళీ అందుకుంటుంది.

ఆదివారం మళ్ళీ అదే గది, అవే చాపలు. ఈసారి ఆ తల్లిని టీవీ ఎదురుగా కూర్చోబెట్టారు. స్తంభం దగ్గర డప్పు ఆగగానే ఆమె నేల మీద అరచేయి ఆనించింది, లేవబోయేవాళ్ళలాగ. తండ్రి టీవీ చూడటం మానేసి ఆమెనే చూస్తున్నాడు. నేనూ అంతే. మిక్సింగ్‌లో ఆ నిశ్శబ్దం చాలా చిన్నది. ఆ గదిలో మాత్రం ఎప్పటికీ అయిపోనట్టు అనిపించింది.

గిన్నె చేతుల్లో ఆగింది.

"ఒలకలే!" అంది తల్లి. తనే ముందుగా పక్కామె తొడ మీద చరిచి నవ్వడం మొదలుపెట్టింది. "పప్పు కూడా ఒలకలే సూడు, నా బిడ్డ గది!" అంది. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. బొగ్గు ముఖం మొగుడు గంతులేస్తూ వచ్చినా ఆమె నవ్వు ఆగలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

తండ్రి నవ్వలేదు. శుభం పడేదాకా చూసి, "మల్లొకసారి ఎయ్యి" అన్నాడు. మళ్ళీ వేశాం. "టీవీల ఏసుకోండ్రి" అన్నాడు. కూతురి తర్వాతి పాట గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆ అమ్మాయి మమ్మల్ని సాగనంపడానికి వచ్చి, "అక్కా, ఇంకోటి ఉంటదా?" అని మెల్లగా అడిగింది. తెలియదన్నాను. తెలియనిది తెలుసని చెప్పడం నాకు రాదు.

పాట కేబుల్‌లో వచ్చింది. ఆడింది. మంచిర్యాల, మందమర్రి, కరీంనగర్, ఎక్కడికి పోయినా ఆ గిన్నె ముచ్చటే. పాటలో ఆ చోటు రాగానే పెళ్ళి బరాతుల్లో కుర్రవాళ్ళు ఏది దొరికితే అది ఎగరేసి పట్టుకునేవారు. ఆ పాట మిక్సింగ్ చేసింది, దాన్ని అట్లా ఊహించింది నేనే. ఇది చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు, అమ్మాయిలూ, రేపు మీరు చేసిన పనికి మీరూ మొహమాటపడకండి. కాని పళ్ళెం వైపు చూడటం మర్చిపోవద్దు. ఎంత తెలివైన ఆలోచన తట్టినా, అది ఎవరి వాకిట్లో నిలబడుతుందో వాళ్ళ చేతుల్లో అప్పుడు ఏముందో చూడండి. నేను నేర్చుకున్న పనంతా కలిపి అంతే.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి తండ్రి డ్యూటీ దిగి నేరుగా మా స్టూడియోకు వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, ముఖం గంటు పెట్టుకొని నిలబడ్డాడు. కాలనీలో ఎవరో ఏదో అన్నారేమోనని నేను పని ఆపి లేచాను. ఓనర్ కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

"మా కాలనీల ఒక్క గిన్నె సొట్ట లేకుంట లేదు" అన్నాడు. "పోరగాండ్లు పడగొట్టుడు, పట్టుకునుడు. ఆడోళ్ళు నన్ను తిడుతుండ్రు, నీ బిడ్డ చేసిన పనే అని."

"తప్పయింది కాకా..." అని ఓనర్ మొదలుపెట్టాడు.

"ఆగుండ్రి, నన్ను జెప్పనియ్యుండ్రి." ఆయన నా వైపు తిరిగాడు. "బిడ్డా, రెండో పాటల మా పిల్ల ఏం పట్టుకోవాల్నో ముందుగాల చెప్పు. జర మెత్తటిదేదన్న జూడు."